మెరకన ఆరడుగులు

లూర్దమ్మ ఎంత పొడుగో ఇన్నయ్యకు కొలవకుండానే తెలుసు. గుడి వెనక చప్టా మీద ఆమె పూజ పీఠం మీద పరిచే గుడ్డలు ఉతుకుతుంటే, పక్కనే కూర్చుని అతను పారకు పదును పెట్టుకునేవాడు. లేచి నిలబడితే అతని భుజం దాకా వచ్చేది. అయినా శుక్రవారం పొద్దున వానలోనే సరుగుడు తోపుకు పోయి పచ్చి పుల్ల ఒకటి నరుక్కొచ్చాడు. పోయిన మనిషిని పచ్చి పుల్లతో కొలవాలి. ఆ పుల్లను గుంతలోనే వేసి పూడ్చాలి. ఇంటికి తేకూడదు. వాళ్ళ నాయన నేర్పిన పద్ధతి అది.

పేటలో లూర్దమ్మ ఇల్లు చివరిది. నాలుగు రోజులుగా ముసురు. చూరు నీళ్ళకు వాకిట్లో చిన్న కాలువ పడింది. లోపల దండెం మీద పీఠం గుడ్డలు ఆరేసి ఉన్నాయి. వాటి కిందే మంచం. జ్వరంతోనే వాటిని ఉతికి, ఎండ లేక ఇంట్లో ఆరేసుకున్న మనిషి, ఇస్త్రీ చేయకుండానే తెల్లారుజామున పోయింది.

ఇన్నయ్య పుల్లను మంచం పట్టె వెంట పెట్టి, మడమల దగ్గర కత్తితో గాటు పెట్టాడు. గాటు సరిగ్గా అతను అనుకున్న చోటే పడింది.

"యాడ తవ్వతారు మామా?" అంది ఫేబీ. లూర్దమ్మకు ఒక్కతే కూతురు. జ్వరమని తెలిసి సూళ్ళూరుపేట నుంచి ముందు రోజే వచ్చింది.

"చూడాల."

"చూసేదానికేముంది? మా నాయన పక్కన మోకాటి లోతు నీళ్ళుండాయి. నేను పొద్దునే పొయ్యి చూసొచ్చినా."

ఇన్నయ్య పుల్లకున్న చిగుళ్ళు గిల్లుతూ నిలబడ్డాడు.

"మూడేళ్ళ నాడు మా నాయన పెట్టె నీళ్ళలో తేలింది. మీరు నలుగురూ దాని మీద ఎక్కి తొక్కినారు. ఇసక పడిందాకా దిగలా. అమ్మ చూసింది. నేనూ చూసినా."

"తొక్కకపోతే నిలవదు మే."

"నిలవదని నాకు మాత్రం తెలీదా? మిమ్మల్ని తప్పనడంలా." ఆమె తల్లి చీర కుచ్చిళ్ళు సర్దింది. "అమ్మకు మాత్రం అట్ల జరగనీను. అంతే."

ఇన్నయ్య తలుపు వైపు తిరిగాడు. ఆ పెట్టె తొక్కిన వారానికే లూర్దమ్మ చప్టా మీద గుడ్డ పిండుతూ తల ఎత్తకుండా అతనితో ఒక మాట అంది. "నన్ను మాత్రం నీళ్ళలో పెట్టబాకరా ఇన్నయ్యా. ఈ చేతులు బతుకంతా నీళ్ళలోనే నానినాయి." ఇన్నయ్య "సరేక్కా" అన్నాడు. ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. గుడ్డలు జాడించిన మొదటి నీళ్ళను తీసుకుపోయి ఎప్పట్లాగే నందివర్ధనం మొదట్లో పోసింది. పూజలో పంచే సత్ప్రసాదం తాకిన గుడ్డల నీళ్ళు, తొక్కే చోట పోయకూడదు.

ఇన్నయ్య గుళ్ళోకి పోయి సావు గంట తాడు అందుకున్నాడు. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఒక మంగళవార్త జపం చెప్పుకునేంత ఎడం. గంట తాడు పక్కనే గోడ మీద చీటీలు ఉన్నాయి. ఫాదర్ ఆండ్రూ పోయిన నెల ఒక ఆదివారం ఇంటికొక చీటీ పంచి, దేవుడిచ్చిన దానికి మనం కాపలా మనుషులమే గాని సొంతదారులం కాదనీ, ఎవరు ఏ సేవ చేస్తారో రాసిమ్మనీ అడిగాడు. లూర్దమ్మది పెన్సిల్ రాత. 'గుడ్డలు' అని ఒకటే మాట. ఇన్నయ్యది 'గుంతలు'. గుడి పెద్ద జోజిరెడ్డి చీటీ అన్నిటికన్నా పైన ఉంది. నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో, 'గుడికి ఏది అవసరమైతే అది' అని రాసి సంతకం చేశాడు.

సమాధుల తోట గుడి వెనక, సముద్రం వైపు. సగం ఇసుక మెరక, సగం పల్లం. మెరక మీద ఊళ్ళోవాళ్ళ గచ్చు సమాధులు, నాపరాళ్ళ మీద చెక్కిన పేర్లు. పల్లంలో పేట వాళ్ళ సరుగుడు కొయ్యల సిలువలు. అవీ రెండు వానాకాలాలు నిలిస్తే గొప్ప. రెంటికీ నడుమ బెత్తెడు మందం రాళ్ళు ఐదు పాతి ఉన్నాయి. ఆ రాళ్ళు దాటి తవ్వొద్దని ఇన్నయ్యకు ఎవరూ చెప్పలేదు. తవ్వమనీ చెప్పలేదు.

ఫాదర్ ప్యాంటు మడిచి, గొడుగు పట్టుకుని వచ్చాడు. పల్లంలో నీళ్ళు రాళ్ళ మొదళ్ళ దాకా ఉన్నాయి. కప్పలు అరుస్తున్నాయి.

"మెరక మీద ఖాళీ ఉందిగా. అక్కడ తవ్వు" అన్నాడు.

"పెద్దాయనతో ఒక మాట చెప్పండి ఫాదర్."

"చెప్పాలా? అడగాలా?"

ఇద్దరూ ఊళ్ళోకి నడిచారు.

*

జోజిరెడ్డి వసారాలో నిలబడి పొలం వైపు చూస్తున్నాడు. నారుమడి మునిగి మూడు రోజులు. అరవై దాటినా వెన్ను వంగని మనిషి.

"రాండి ఫాదర్, కూర్చోండి. గంట విన్నా. లూర్దమ్మ గదా? మంచి మనిషి. మా నాయన పోయినప్పుడు పీఠానికి నల్లగుడ్డ కుట్టింది ఆమే." లోపలికి తిరిగి కాఫీ తెమ్మన్నాడు. ఇన్నయ్య చూరు కింద నిలబడ్డాడు. వాన నీళ్ళు అతని వీపు వెనకగా పడుతున్నాయి.

"పల్లంలో నీళ్ళు నిలబడ్డాయి. మెరక మీద పెడదామనుకుంటున్నాం" అన్నాడు ఫాదర్.

జోజిరెడ్డి కాఫీ గ్లాసు అంచును పంచె కొంగుతో తుడిచి ఫాదర్‌కు అందించాడు. తన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు.

"రెండు రోజులాగితే నీళ్ళు దిగతాయి గదా."

"తుపాను ఇంకా తీరం దాటలేదంటున్నారు."

"ఐసు నేను పంపిస్తా. రొయ్యల గుంటల కాడ దండిగా ఉంటాది. ఆమెకు ఏ లోటూ రానీను."

"ఆ నేల గుడిది కదండీ."

"గుడిదే. మా తాత ఇచ్చినాడు, గుడిదైంది. నేను కాదన్నానా?" జోజిరెడ్డి గొంతు పెంచలేదు. "ఎవురి చోటు వాళ్ళకి అప్పట్నించి ఉండాది ఫాదర్. మీరొచ్చి నాలుగు నెలలు. ఇట్లాంటియ్యి తొందరపడి చెయ్యబాకండి. నీకు తెలుసు గదరా ఇన్నయ్యా?"

"తెలుసు పెద్దాయనా."

తిరుగు దారిలో సగం దూరం వచ్చారు. ఫాదర్ ఆగి, "ఏం తెలుసు నీకు?" అన్నాడు.

"నీళ్ళు దిగవని తెలుసు."

"అదే ఆయనకు చెప్పొచ్చుగా?"

ఇన్నయ్య కాలి బొటనవేలితో బురదలో గీత గీశాడు. గీత వెంటనే పూడిపోయింది.

*

సాయంత్రానికి ఐసు వచ్చింది. జోజిరెడ్డి మాట తప్పే మనిషి కాదు. రొయ్యలు పంపే తెల్ల పెట్టెలు ఎనిమిది, ఊక రెండు బస్తాలు. మంచం కింద ఊక పరిచి, ఐసు దిమ్మెలు పేర్చారు. కరెంటు లేదు. కొవ్వొత్తులు వెలిగించి జపమాల చెప్పారు.

శనివారం పొద్దుటికి ఐసు సగమైంది. కరిగిన నీళ్ళు ఊకను నానబెట్టి గడప దాకా వచ్చాయి. ఇల్లంతా రొయ్యల నీచు వాసన. ఫేబీ గిన్నెలో నీళ్ళు, సబ్బు పెట్టుకుని తల్లి చేతులు కడుగుతూ కూర్చుంది. కడిగి, వాసన చూసి, మళ్ళీ కడుగుతోంది. ఆ చేతులు పీఠం మీద ద్రాక్షరసం పాత్ర కింద పరిచే గుడ్డకు చిన్న మరక ఉన్నా మళ్ళీ నానేసేవి.

"ఇంక చాల్లే మే" అంది ఇన్నయ్య భార్య తెరేజమ్మ.

"పోలేదత్తా. ఇంకా ఉండాది వాసన."

పన్నెండు గంటలప్పుడు ఫాదర్ వచ్చి చెప్పాడు. వాకాడు బ్యారేజి గేట్లు ఎత్తారు, రోడ్డు మీద నడుము లోతు నీళ్ళు పారుతున్నాయి, ఐసు బండి ఇంక రాదు. చీకటి పడేలోపల మట్టి చెయ్యాల్సిందే.

ఆ కబురు జోజిరెడ్డికీ పోయింది. రెండు గంటలకు సమాధుల తోట ముందు ట్రాక్టరు ఆగింది. పొలంలో నీళ్ళు తోడే డీజిల్ ఇంజను, పొడుగు పైపు, ఇద్దరు పాలేళ్ళు. పేట వాళ్ళు ముప్పై మంది దాకా గోనెసంచులు నెత్తిన వేసుకుని వచ్చి నిలబడ్డారు. పైపు పల్లంలోకి వేసి ఇంజను తిప్పారు. నీళ్ళు పైపులోంచి దుమికి అవతలి తోపులో పడుతున్నాయి. పావుగంటలో నీళ్ళు జానెడు దిగి, అంచున ఇసుక బయటపడింది.

"చూసినారా ఫాదర్? మనసుంటే ఎట్లైనా చెయ్యొచ్చు" అన్నాడు జోజిరెడ్డి. "ఊ, దిగరా ఇన్నయ్యా. అది లాగతా ఉంటాది, నువ్వు తవ్వతా పో."

ఇన్నయ్య నీళ్ళ వైపు చూశాడు. జానెడు దిగిన చోటే ఆగిపోయింది. ఇంజను ఎంత లాగుతోందో కింద నుంచి అంత ఊరుతోంది. భుజం మీద పార దించాడు.

"నేను తవ్వను పెద్దాయనా."

ఇంజను మోతలో జోజిరెడ్డికి వినపడలేదు. "ఏంది?" అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

ఇన్నయ్య అదే మాట మళ్ళీ అరవాల్సి వచ్చింది. "నేను తవ్వనంటా ఉండా!"

గోనెసంచుల కింద అందరూ బిగుసుకుపోయారు.

"తవ్వకపోతే? ఇంకెవురు తవ్వతారు?"

"పార ఇదిగో." ఇన్నయ్య దాన్ని ఇసుకలో గుచ్చి రెండడుగులు వెనక్కి జరిగాడు.

జోజిరెడ్డి మెడ నరాలు ఉబ్బాయి. "గుళ్ళో చీటీ రాసిచ్చినావే, గుంతలు తవ్వతానని? సేవంటే ఇదా? నచ్చినప్పుడు చేసేది, నచ్చకపోతే పార పారేసేదా?"

జవాబు తెరేజమ్మ నుంచి వచ్చింది.

"మీదీ ఉండాది గదా పెద్దాయనా గోడమీద. బులుగు ఇంకు తోటి. గుడికి ఏది అవసరమైతే అది అని. ఇప్పుడు గుంత అవసరమై ఉండాది."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. ఫాదర్ గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు, తల ఎత్తలేదు.

జోజిరెడ్డి ఆ ముప్పై మందినీ ఒకసారి చూశాడు. చొక్కా విప్పి ట్రాక్టరు మీదికి విసిరాడు. పంచె పైకి ఎగ్గట్టి గోచీ దోపాడు. "నలభై ఏళ్ళు సేద్యం చేసినోణ్ణి. గుంత తవ్వలేననుకుంటివా?" పార పెరికాడు. పాలేళ్ళు ముందుకొస్తే, "మీరు జరగండి" అని కసిరాడు.

తవ్వడం తెలిసిన చేతులే. కాకపోతే అవి బంకమట్టి గట్టు చెక్కిన చేతులు. బంకమట్టి అయితే చెక్కితే చెక్కలాగా వస్తుంది, పెట్టిన చోట ఉంటుంది. ఇసుక అట్లా కాదు. ఎత్తి అంచున వేసింది వేసినట్టే మళ్ళీ లోపలికి జారుతోంది. ఇన్నయ్య కాసేపు చూశాడు. చూసి ఊరుకోలేకపోయాడు.

"అంచు కాడ వెయ్యబాకండి. దూరంగా ఎగెయ్యండి."

జోజిరెడ్డి తలెత్తలేదు గాని, తరవాతి పార దూరంగా పడింది. అడుగు. రెండడుగులు. ఆయన రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. నీళ్ళు పిక్కలు దాటి మోకాళ్ళకు వచ్చాయి. కుడివైపు గోడ జారుతుంటే ఎడమవైపుకు వెడల్పు చేయబోయాడు.

"ఎడమకు పోబాకండి పెద్దాయనా!"

"ఏం?"

"ఆడ మా బిడ్డ రోజి ఉండాది."

పార గాలిలో ఆగింది. ఎడమవైపు గడ్డి, నీళ్ళు తప్ప ఏమీ లేదు. సిలువ కొయ్య ఎప్పుడో కొట్టుకుపోయింది.

"ఏ రోజి? తేరు ముందర పూలు జల్లే పిల్లా?"

"ఆ పిల్లే."

"ఎంత దూరం?"

"మీ పార మొనకు ఒక అడుగు."

జోజిరెడ్డి పారను మెల్లగా దించాడు. అది ఇసుకకు తగలకుండా తన కాలికి ఆనించి పట్టుకున్నాడు. అప్పుడే ఇంజను ఇసుక పీల్చి, రెండుసార్లు ఎగిరి, ఆగిపోయింది. మోత ఆగేసరికి వాన చప్పుడు, దాని వెనక సముద్రం హోరు వినపడ్డాయి. గుంతలో నీళ్ళు చూస్తుండగానే మోకాళ్ళు దాటి తొడల మీదికి పాకాయి. కుడి గోడ చప్పుడు లేకుండా జారి ఆయన పాదాల మీద కూర్చుంది. జోజిరెడ్డి కాలు ఎత్తబోయాడు. రాలేదు. రెండోది ఎత్తబోయాడు.

ఇన్నయ్య అంచున బోర్లా పడుకుని చెయ్యి చాచాడు. "ఊపబాకండి. కాలు ఊపితే ఇంకా దిగబడతాది. మడమ ఎత్తండి ముందు."

జోజిరెడ్డి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నయ్య వెనక్కి లాగుతుంటే ఎడమ అంచు కూడా జానెడు విరిగి పడింది. ఆయన పైకి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, వెనక్కి తిరిగి చూశాడు. గుంత లేదు. నీళ్ళు ఉన్నాయి. అందులో పాలేరు జారవిడిచిన బీడీ కట్ట తేలుతోంది.

లేచాడు. చొక్కా తీసుకోలేదు. బురద కాళ్ళతోనే ఊళ్ళోకి నడిచి వెళ్ళిపోయాడు. పాలేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆయన వెనక పోయారు.

*

నీళ్ళలోంచి పార వెతికి తీసుకోవడానికి ఇన్నయ్యకు కొంతసేపు పట్టింది. తరవాత సరుగుడు పుల్ల అందుకుని, రాళ్ళు దాటి మెరక ఎక్కాడు. జోజిరెడ్డి వాళ్ళ నాయన సమాధికి నాలుగడుగుల అవతల పుల్లను నేల మీద పరిచి, తల వైపు ఒక గీత, కాళ్ళ వైపు ఒక గీత గీశాడు.

ఫాదర్ దగ్గరికి వచ్చాడు. "ఆయన సరేననలేదు కదా ఇన్నయ్యా."

"అనలేదు ఫాదర్."

"మరి?"

"పొద్దు రెండు గంటలే ఉండాది" అని తవ్వడం మొదలుపెట్టాడు.

పేట వాళ్ళు రాళ్ళ ఇవతలే నిలబడిపోయారు. ఒకరిద్దరు ఊరి దారి వైపు చూస్తున్నారు. జోజిరెడ్డి ఊరికే పోయే మనిషి కాదని అందరికీ తెలుసు. ఫేబీ ఒక్కతే వచ్చి గీత పక్కన నిలబడింది.

పైన జానెడు తడి ఇసుక. దాని కింద నుంచి తెల్లటి పొడి ఇసుక. మూడడుగుల దాకా చకచకా దిగింది. అక్కడినుంచి పొడి ఇసుక నాలుగు పక్కలా ధారలుగా కారడం మొదలైంది. చెక్కలు కావాలి. ఇన్నయ్య దగ్గరున్నవి రెండు తాటి దబ్బలు. అవి రెండు పక్కలకే సరిపోయాయి. తక్కిన రెండు పక్కలా కారినంత ఎత్తి పోస్తూ, ఎత్తి పోసినంత కారుతూ, అతను అదే లోతులో ఉండిపోయాడు.

"వస్తా ఉండారు" అన్నారెవరో.

ముందు జోజిరెడ్డి. వెనక ఇద్దరు పాలేళ్ళు, నెత్తి మీద ఏవో మోస్తున్నారు. దారిలో ఉన్నవాళ్ళు పక్కలకు జరిగారు. ఫాదర్ రెండడుగులు ఎదురు పోయాడు. ఫేబీ కదలలేదు. గుంతలో వంగి ఉన్న ఇన్నయ్యకు వాళ్ళ కాళ్ళే కనపడ్డాయి. బురద ఆరని కాళ్ళు రాళ్ళు దాటి, గుంత అంచుకు దూరంగా, ఇసుక జారని చోట ఆగాయి.

ధడేలున చెక్కలు పడ్డాయి. పొడుగాటి టేకు చెక్కలు, వడ్లు పోసే గాదె తలుపులవి. అంచుల్లో ఇంకా పొట్టు అంటుకుని ఉంది.

"ఎండు ఇసక చెక్క లేకుండా నిలవదు గదా" అన్నాడు జోజిరెడ్డి, ఎవరినీ చూడకుండా.

దిగడానికి ఇన్నయ్య చోటు ఇచ్చాడు. ఆయన ఒక చెక్కను కాళ్ళ వైపు గోడకు ఆనించి, దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. రెండో దాన్ని చేతులతో అదిమి పట్టాడు. ఇన్నయ్య ఆయన మోకాళ్ళ నడుమ నుంచి ఇసుక ఎత్తి పోశాడు.

"చాల్నా?"

"ఇంకొక అడుగు."

కాసేపటికి జోజిరెడ్డే మళ్ళీ అడిగాడు. "తడి తగిలిందా?"

ఇన్నయ్య గుప్పెడు ఇసుక తీసి ఆయన చేతిలో పోశాడు. అది ఆయన వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది.

లూర్దమ్మను తెచ్చేసరికి వాన తుంపరగా మారింది. ఫాదర్ తీర్థం చల్లి ప్రార్థన చదివాడు. తాళ్ళు వదులుతుంటే పెట్టె నిలకడగా కిందికి పోయి ఇసుక మీద కూర్చుంది. ఇన్నయ్య పచ్చి పుల్లను దాని పక్కన జారవిడిచాడు. ఫేబీ పిడికెడు ఇసుక తీసుకుంది. వెయ్యలేదు. గుడ్డ పిండినట్టు గట్టిగా పిండి, పిడికిలి కింద ఇంకో అరచెయ్యి పట్టి చూసింది. ఒక్క చుక్క రాలేదు. అప్పుడు వేసింది.

ఎవరూ పెట్టె మీద కాలు పెట్టలేదు.

*

పల్లంలో నీళ్ళు బుధవారానికి దిగాయి. పొద్దున్నే ఇన్నయ్య పార తీసుకుని శనివారం నాటి గుంత పూడ్చడానికి పోయాడు. గుడి వెనక చప్టా మీద తెరేజమ్మ పీఠం గుడ్డలు జాడిస్తోంది. మొదటి నీళ్ళు ఎక్కడ పోయాలో ఊరికి పోయేముందు ఫేబీ చూపించి పోయింది.

గుంత అప్పటికే పూడ్చి ఉంది. పైన ఇసుకను పార వెనక్కి తిప్పి చదును చేశారు. బంకమట్టి గట్టు చదును చేసే తీరు అది. దానికి ఎడమ పక్కన ఒక రాయి పాతి ఉంది. బెత్తెడు మందం రాయి. ఇన్నయ్య మెరక వైపు చూశాడు. ఐదు రాళ్ళలో నడిమిది లేదు. తక్కిన నాలుగూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అతను పార మొనను గుంత అంచున పెట్టి చూసుకున్నాడు. రాయి అంచుకు సరిగ్గా అడుగు దూరంలో ఉంది. కొలిచే పాతారు. కాకపోతే ఆ రోజు తనను ఇన్నయ్య పైకి లాగుతుంటే ఎడమ అంచు జానెడు విరిగి పడిన సంగతి పాతిన మనిషికి గుర్తులేదు. కొత్త అంచు నుంచి కొలవడంతో రాయి జానెడు అవతలికి పోయింది.

ఇన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని రాయిని రెండు చేతులతో ఊపి పెరికాడు. జానెడు ఇవతలికి, రోజి తల దగ్గరికి, కొత్తగా గుంత తీసి నిలబెట్టాడు. లేచి, దాని చుట్టూ ఇసుకను కాలితో గట్టిగా తొక్కాడు.